తమ్ముడికి హెచ్‌ఐవీ అని తెలిశాక ఇంట్లోవాళ్లతో ఎలా మాట్లాడాలి?

తోబుట్టువు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి హెచ్‌ఐవీ ఉన్నట్టు కొన్ని నెలల క్రితం పరీక్షలో తేలింది. వాడు ఆ సంగతి మొదట నాకే చెప్పి, మరెవరికీ చెప్పవద్దని మాట తీసుకున్నాడు. వెంటనే వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టాడు, రోజుకు ఒక మాత్ర వేసుకుంటున్నాడు, ఎప్పటిలాగే ఉద్యోగానికి వెళ్లివస్తున్నాడు. ఆరోగ్యం గురించి ప్రస్తుతానికి నాకు పెద్దగా బెంగ లేదు. బెంగంతా ఇంటి గురించే.

మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం. వాడి గదిలో వేరే ఏదో కాగితం కోసం వెతుకుతుండగా ఆసుపత్రి ఫైలు అన్నయ్య కంటపడింది. అన్నయ్య కేకలు వేయలేదు, నిందించలేదు, అసలు ఆ ప్రస్తావనే తేలేదు. కానీ మరుసటి రోజు నుంచి తమ్ముడి కంచం, గ్లాసు విడిగా ఉంటున్నాయి, బట్టలు విడిగా ఉతుకుతున్నారు, పిల్లలు బాబాయి గదివైపు పరుగెత్తబోతే వదిన ఏదో ఒక పని చెప్పి వెనక్కి పిలుస్తోంది. నేను పక్కకు తీసుకెళ్లి అడిగితే, "తన మీద నాకు ద్వేషమేమీ లేదు. పిల్లలున్న ఇల్లు కదా, మా జాగ్రత్తలో మేముంటే తప్పేముంది?" అంది. ఆమె చెడ్డ మనిషి కాదు. అందుకే ఎదురు ఏం చెప్పాలో నాకు తోచడం లేదు.

అమ్మానాన్నలకు ఇంకా తెలియదు. కంచం ఎందుకు మారిందని అమ్మ అడిగినప్పుడు తమ్ముడే కల్పించుకొని, తనకు కడుపులో బాగాలేదని ఏదో సర్దిచెప్పాడు. మరోపక్క వాళ్లు వాడి పెళ్లి మాట ఎత్తుతున్నారు. వాడు నవ్వి తప్పించుకుంటున్నాడు కానీ, ఈమధ్య అందరితో కలిసి కూర్చోవడమే తగ్గించేశాడు.

వదినకు కోపం రాకుండా, తమ్ముడు చిన్నబోకుండా ఈ విషయం ఎలా మాట్లాడాలి? అమ్మానాన్నలకు చెప్పాలా వద్దా, చెబితే ఎవరు చెప్పాలి? ఇలాంటి పరిస్థితిని దగ్గరగా చూసినవారు తమ అభిప్రాయం తెలియజేయగలరు.

కౌన్సెలర్ (మొదటి సమాధానం):

ఏఆర్‌టీ చికిత్స తీసుకునేవారితోనూ వారి కుటుంబాలతోనూ మాట్లాడడమే నా ఉద్యోగం. మీ వదిన గారి మాటలో రెండు వేర్వేరు విషయాలు కలగలిసి ఉన్నాయని నాకు అనిపిస్తోంది. ఒకటి, అంటుకుంటుందేమోననే భయం. రెండోది, ఈ జబ్బు పేరు చుట్టూ పేరుకుపోయిన సిగ్గు, బయటికి పొక్కితే పరువు ఏమవుతుందోననే జంకు. మొదటిది సరైన సమాచారంతో తగ్గుతుంది. రెండోదానికి సమాచారం ఎంత ఇచ్చినా చాలదు. ఈ రెండింటినీ విడదీయకుండా మాట్లాడితే, మీరు ఎన్ని వైద్య విషయాలు వివరించినా ఆ సంభాషణ "ఎందుకైనా మంచిది కదా" అనే మాట దగ్గరే ఆగిపోతుంది.

భయం సంగతి ముందు చూద్దాం. హెచ్‌ఐవీ రక్తం, వీర్యం, యోని స్రావాలు, మలద్వార స్రావాలు, తల్లిపాల ద్వారానే ఒకరి నుంచి మరొకరికి చేరుతుంది. చెమట, కన్నీరు, ఉమ్మి వల్ల, ఒకే కంచంలో తినడం వల్ల, ఒకే మరుగుదొడ్డి వాడడం వల్ల, పిల్లలను ఎత్తుకొని ముద్దాడడం వల్ల, దోమకాటు వల్ల రాదు. ఇది మనసు కుదుటపడడానికి చెప్పే మాట కాదు. వైరస్‌ను గుర్తించిన మూడేళ్లకే, అంటే 1986లో, నేటి మందులేవీ లేని కాలంలో, న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వెలువడింది. 39 మంది ఎయిడ్స్ రోగులతో ఒకే ఇంట్లో ఉంటూ, వారు వాడిన పాత్రలూ స్నానాల గదీ తామూ వాడుతూ, వారికి సేవలు చేస్తూ గడిపిన 101 మందిని వైద్యులు పరీక్షించారు. ఒకే ఒక చిన్నారిలో వైరస్ కనిపించింది, అది తల్లి నుంచి పుట్టుకతోనే సంక్రమించి ఉంటుందని తేల్చారు. మిగిలిన ఎవరికీ రాలేదు. ఆ రోగుల శరీరంలో వైరస్‌ను అదుపుచేసే మందు ఏదీ లేదన్న సంగతి మీ వదిన గారికి ప్రత్యేకంగా చెప్పండి.

మీ తమ్ముడి పరిస్థితి అంతకన్నా ఎన్నో రెట్లు మెరుగు. మందులు క్రమం తప్పకుండా వేసుకునేవారిలో సాధారణంగా ఆరు నెలల్లోపే రక్తంలోని వైరస్ పరీక్షకు అందనంత స్థాయికి పడిపోతుంది. ఆ స్థాయిలో కొనసాగుతున్నవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా కూడా వైరస్ సోకదు. యూరప్‌లోని 14 దేశాల్లో, భాగస్వాముల్లో ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మరొకరికి లేని జంటలను పరిశీలించిన 'పార్ట్‌నర్' అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. కండోమ్ లేకుండా సుమారు 58 వేల సార్లు కలయిక జరిగినా, చికిత్సలో ఉన్న భాగస్వామి నుంచి వైరస్ అంటుకున్న ఉదంతం ఒక్కటీ కనబడలేదు. దాంపత్యంలోనే అంటనిది గ్లాసు వల్ల అంటుతుందా అని ఆమెనే ఆలోచించమనండి.

నిజంగా పాటించవలసిన జాగ్రత్త చిన్నదే. రక్తం అంటే అవకాశం ఉన్న రేజరు, టూత్‌బ్రష్ వంటివి ఎవరివి వారే వాడుకోవాలి. గాయం అయినప్పుడు రక్తాన్ని చేతికి తొడుగు వేసుకొని తుడవాలి. ఇవి హెచ్‌ఐవీ లేని ఇంట్లోనూ పాటించవలసినవే, ఎందుకంటే హెపటైటిస్-బి వైరస్ ఇంతకన్నా తేలికగా అంటుకుంటుంది. బట్టలు విడిగా ఉతకవలసిన పని లేదు.

ఇదంతా విన్నాక కూడా గ్లాసు విడిగానే ఉంటే, అక్కడ పనిచేస్తున్నది భయం కాదని అర్థం. అప్పుడు వైరస్ గురించి మళ్లీ మళ్లీ చెప్పి ప్రయోజనం ఉండదు. బయటికి తెలిస్తే తన పిల్లలతో బడిలో ఎవరైనా ఆడతారా, చుట్టాలు రాకపోకలు మానేస్తారా అనే ఆలోచన ఆమెను తినేస్తూ ఉండవచ్చు. దాన్ని తేలికగా తీసిపారేయకండి. 1985లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో రయాన్ వైట్ అనే పిల్లవాడిని, రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా అనే జబ్బుకు వాడిన రక్తసంబంధ మందు ద్వారా వైరస్ సోకినందుకు, బడిలోకి రానివ్వలేదు. అతని ఇంటిల్లిపాదీ ఆ వెలిని అనుభవించారు. జబ్బు ఒకరిదైనా వెలి వేసేది ఇంటినంతా కాబట్టే, చాలా ఇళ్లలో బయటివాళ్లకన్నా ముందు ఇంట్లోవాళ్లే దూరం పాటించడం మొదలుపెడతారు. మీ వదిన గారికి కావలసిన అసలు భరోసా ఈ సంగతి గడప దాటదని.

ఒక్క మాట మరిచిపోకండి. అన్నయ్యతోనైనా వదినతోనైనా మాట్లాడేముందు తమ్ముడి అనుమతి తీసుకోండి. ఫైలు దొరికింది కాబట్టి ఆ విషయం ఇక అందరి సొత్తు అయిపోయినట్టు కాదు.

నిత్యమాత్ర (రెండవ సమాధానం):

నేను హెచ్‌ఐవీతో చాలా ఏళ్లుగా జీవిస్తున్నాను. కౌన్సెలర్ గారు ఇంట్లోవాళ్ల వైపు నుంచి చెప్పారు, నేను మీ తమ్ముడి వైపు నుంచి చెబుతాను.

మీ ప్రశ్నలో నన్ను ఎక్కువగా కదిలించింది కంచం విడిగా పెట్టడం కాదు. అమ్మ అడిగినప్పుడు అతనే ముందుకొచ్చి కడుపు నొప్పి సాకు చెప్పడం. తనను పక్కన పెట్టినవాళ్లను అతనే కాపాడుతున్నాడు. ఇది పరీక్ష ఫలితం అందిన కొత్తలో మాలో చాలామంది చేసే పని. ఇతరులు దూరం జరగకముందే మనమే దూరం జరుగుతాం, మేనల్లుడు చేతిలోని పండు ముక్క అందిస్తే వద్దంటాం, కూర్చోమన్నా నిలబడతాం. వైరస్ అంటదని మనకు తెలుసు, అయినా ఎదుటివాళ్ల ముఖంలో ఒక్క క్షణం తటపటాయింపు చూడవలసి వస్తుందేమోనని ముందే తప్పుకుంటాం. కాబట్టి మీ వదిన మారినంత మాత్రాన మీ తమ్ముడు వెంటనే వచ్చి అందరి మధ్యా కూర్చుంటాడని అనుకోవద్దు. అతనికి మరికొంత సమయం పడుతుంది.

వివక్ష మనసును మాత్రమే నొప్పిస్తుందని చాలామంది అనుకుంటారు. అది నేరుగా మందుల మీద పడుతుంది. ఇంట్లో ఎవరో చూస్తారని మాత్రలను సీసాలోంచి తీసి వేరే డబ్బాలో దాచుకునేవాళ్లను, చుట్టాల ఇంటికి వెళ్లినప్పుడు అందరూ ఒకే గదిలో పడుకుంటారు కాబట్టి ఆ రెండు రోజులూ మందు మానేసేవాళ్లను, తెలిసినవాళ్లు ఎదురవుతారని దగ్గరి ఆసుపత్రి వదిలి ఎక్కడో దూరాన ఉన్న చోటికి వెళ్లేవాళ్లను నేను ఎరుగుదును. అలా మోతాదులు తప్పుతూపోతే వైరస్ మళ్లీ పెరుగుతుంది, మందులకు లొంగని రూపం తెచ్చుకునే ప్రమాదం కూడా ఉంటుంది. ఇంట్లో ఒక్క అరలో మాత్రల సీసా దాపరికం లేకుండా పెట్టుకోగలగడం ఎంత పెద్ద సదుపాయమో, అది లేనివాళ్లకే తెలుస్తుంది. మీ ఇంట్లో ఆ అర ఏర్పాటు చేయగలిగితే, వదినతో జరిపే చర్చలన్నిటికన్నా ముందు ఆ పని చేయండి.

అక్కగా మీరు చేయగలిగినవి, చేయకూడనివి కొన్ని ఉన్నాయి. "ఎలా వచ్చింది?" అని అడగవద్దు. అతనే చెబితే వినండి. ఆ ప్రశ్న వెనుక, జవాబును బట్టి జాలిపడాలా తప్పుపట్టాలా అని తూచే త్రాసు ఒకటి ఉంటుంది, అది అడిగేవారికి తెలియకపోయినా జవాబు చెప్పేవారికి కనిపిస్తుంది. కౌన్సెలర్ గారు చెప్పిన ఆ పిల్లవాడి విషయంలో వేలెత్తి చూపడానికి ఏమీ లేకపోయినా వెలి తప్పలేదు కదా. అలాగే, మందు వేసుకున్నావా అని పూటపూటా అడగవద్దు. ప్రేమతోనే అడుగుతారు, కానీ వినేవారికి తాను ఇంట్లో మనిషిగా కాక రోగిగా మిగిలిపోయినట్టు ఉంటుంది. ఆసుపత్రికి వెళ్లే రోజున తోడు రమ్మంటావా అని ఒకసారి అడిగి, వద్దంటే ఊరుకోండి. అతనితో మునుపటిలాగే పోట్లాడండి కూడా. నాకు జబ్బని తెలిశాక ఇంట్లో అందరూ నాతో మెత్తగా మాట్లాడడం మొదలుపెట్టారు, ఎన్నో నెలల తర్వాత మా చెల్లెలు నా మీద మామూలుగా విసుక్కున్నప్పుడే నాకు ప్రాణం లేచివచ్చింది.

ఒక తండ్రి (మూడవ సమాధానం):

పై ఇద్దరి మాటల్లో చాలావరకు నేను ఏకీభవిస్తాను. కానీ తల్లిదండ్రుల విషయంలో నా అభిప్రాయం వేరు. మా అమ్మాయికి హెచ్‌ఐవీ ఉందని ఇంట్లో అందరికీ తెలిశాక, చిట్టచివర మాకు తెలిసింది. ఆ జబ్బు కలిగించిన దుఃఖం కన్నా, మమ్మల్ని నమ్మలేదన్న బాధ మాకు ఎక్కువ కాలం ఉండిపోయింది. కన్నవాళ్లు తట్టుకోలేరని పిల్లలు అనుకుంటారు, కానీ పెద్దవాళ్లు జీవితంలో ఇంతకన్నా పెద్దవే తట్టుకొని ఉంటారు. పైగా రహస్యం ఎంత ఎక్కువ కాలం దాగితే అది అంత సిగ్గుపడవలసిన విషయంగా తయారవుతుంది. 2005 జనవరిలో నెల్సన్ మండేలా తన కుమారుడు మక్గాథో మరణించినప్పుడు, కారణం ఎయిడ్స్ అని ఆ రోజే ప్రపంచానికి ప్రకటించారు. దాచిపెట్టడం ఆపితేనే దీన్ని మామూలు జబ్బుగా చూడగలుగుతామన్నది ఆయన వాదన. అంతటివారు బహిరంగంగా చెప్పగలిగినప్పుడు, మన ఇంట్లో మన అమ్మానాన్నలకు చెప్పడానికి వెనుకాడడం ఎందుకు?

కౌన్సెలర్:

అయ్యా, మీ బాధ న్యాయమైనదే, మీ అనుభవాన్ని నేను కాదనను. తల్లిదండ్రుల అండ దొరికినవారు చికిత్సలో నిలకడగా ఉండడం నేను రోజూ చూస్తున్నాను. అయితే మండేలా గారి ఉదాహరణను ఇక్కడికి తేవడంలో ఒక చిక్కుంది. ఆయన ఆ మాట చెప్పేనాటికి కుమారుడు లేడు. చెప్పిన తర్వాత జరిగేదాన్ని మోయవలసినవారు ప్రపంచం గౌరవించే ఆ తండ్రి. ఇక్కడ చెప్పిన మరుక్షణం నుంచి ఫలితాన్ని మోసేది ఆ తమ్ముడు. అదే ఇంట్లో ఉంటూ, అదే బల్ల దగ్గర కూర్చుంటూ మోయాలి. అందువల్ల చెప్పడం మంచిదా కాదా అన్నదానికన్నా, ఎప్పుడు, ఎవరి నోటితో అన్నదే నాకు ముఖ్యంగా తోస్తుంది. ఒకసారి చెప్పిన మాటను వెనక్కి తీసుకోలేం.

చెప్పాలని అతను నిర్ణయించుకుంటే, ఇద్దరిలో ఎవరు ఎక్కువ నిబ్బరంగా వింటారో వారికి ముందు చెప్పడం మేలు. వినగానే వారు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే, "ఎంతకాలం బతుకుతాడు?" దానికి జవాబు సిద్ధంగా ఉండాలి. వారి మనసులో ఉన్నది 1996కు ముందు కాలం, అంటే అనేక మందుల కలయికతో చేసే చికిత్స రాకముందు చూసిన మరణాలు. సకాలంలో చికిత్స మొదలుపెట్టి కొనసాగించేవారి ఆయుష్షు ఇప్పుడు ఇంచుమించు అందరిలాంటిదే. ఆ ఒక్క మాట వారికి అర్థమయ్యాకే మిగిలినవి చెవికెక్కుతాయి.

తోబుట్టువు:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలు తమ్ముడికి చూపించాను. వదినతో నేను మాట్లాడడానికి ఒప్పుకున్నాడు, అన్నయ్యతో మాత్రం తానే మాట్లాడతానన్నాడు. మాత్రల సీసా నా అలమరలోని పై అరలో పెట్టుకుంటానని తనంతట తానే అడిగాడు. వదినకు 1986 నాటి అధ్యయనం గురించి చెబితే కాసేపు ఏమీ అనలేదు, తర్వాత మెల్లగా, "మా అమ్మ వాళ్లకు తెలిస్తే పిల్లలను తీసుకొని వచ్చేయమంటారు" అంది. కౌన్సెలర్ గారు ఊహించినట్టే అసలు సంగతి అక్కడుంది. తన పుట్టింటికి ఈ విషయం వెళ్లదని మాట ఇచ్చాను. గ్లాసు ఇంకా విడిగానే ఉంది, కానీ పిల్లలను వెనక్కి పిలవడం మానేసింది.

అమ్మానాన్నల విషయం వాడు ఇంకా తేల్చుకోలేదు. ఆ తండ్రి గారి మాటలు మాత్రం రెండుసార్లు చదివాడు. ఇక మిగిలింది పెళ్లి సంగతి. వాడు ఇక జీవితంలో పెళ్లే చేసుకోకూడదని అనుకుంటున్నాడు. అది నిజమేనా?

కౌన్సెలర్:

నిజం కాదు. వైరస్ అదుపులో ఉన్నవారు పెళ్లి చేసుకోవచ్చు, భాగస్వామికి సోకకుండా పిల్లలను కనవచ్చు. వైరస్ పరీక్షకు అందని స్థాయిలో ఉన్న పురుషుడి నుంచి భార్యకు రాదు, భార్యకు రానప్పుడు బిడ్డకు వచ్చే ప్రశ్న లేదు. ఇంకా భయంగా ఉంటే, వైరస్ లేనివారు ముందుజాగ్రత్తగా వేసుకునే ప్రెప్ అనే మందు కూడా ఉంది. తల్లికే హెచ్‌ఐవీ ఉన్న సందర్భంలో, ఏ చికిత్సా లేకపోతే బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం వరకు ఉంటుంది, సరైన చికిత్సతో అది 5 శాతం కన్నా తక్కువకు దిగుతుంది.

కానీ ఒక షరతు ఉంది, దాని విషయంలో నేను మెత్తబడను. పెళ్లాడబోయే మనిషికి, నిర్ణయం తీసుకునేముందే, అతను స్వయంగా చెప్పాలి. అంటదు కదా అని దాచడం సరికాదు. ఆమెకు తెలుసుకొని నిర్ణయించుకునే హక్కు ఉంది, అనేక దేశాల్లో దాచడం చట్టపరంగా కూడా చిక్కులు తెస్తుంది. ఇంట్లోవాళ్లకు అలాంటి హక్కు ఉందని నేను అనుకోను. తల్లిదండ్రులు పెళ్లి మాట తెచ్చినప్పుడు కారణం చెప్పకుండానే "ఇప్పుడప్పుడే వద్దు" అనడం అతని ఇష్టం. అక్కగా మీరు పక్కన నిలబడి ఆ సంభాషణను అక్కడితో ఆపగలిగితే అతనికి అది పెద్ద ఊరట.

పెళ్లే వద్దన్న నిర్ణయం ఇప్పుడే తీసుకోవద్దని చెప్పండి. మందులు మొదలుపెట్టిన ఆరు నెలలకు, రక్తంలో వైరస్ ఎంత ఉందో చూడడానికి చేసే వైరల్ లోడ్ పరీక్ష ఇంకా కాకపోతే, అది చేయించుకోమనండి. తమ రక్తంలో వైరస్ కనిపించలేదన్న కాగితం చేతికి వచ్చిన రోజున మా దగ్గరికి వచ్చేవారు మాట్లాడే తీరే మారిపోతుంది. అతను ఒప్పుకుంటే, ఆ ఫలితం తెలుసుకోవడానికి వెళ్లే రోజున మీ వదిన గారిని కూడా తోడు తీసుకువెళ్లండి. ఆమెకున్న సందేహాలు మీ ముందు అడగలేనివి కొన్ని ఉండవచ్చు, వాటిని అక్కడి కౌన్సెలర్‌తో విడిగా మాట్లాడుకోనివ్వండి.